నా తమ్ముడు తప్పుగా నేర్చుకున్న ప్రార్థన

నేను దయ్యాలను నమ్మను. ఇది రాస్తున్నప్పుడు కూడా నమ్మడం లేదు. అయినా రాస్తున్నానంటే, నా తమ్ముడు రాయప్ప పని వదిలేసి పారిపోయాడని కాగితం మీద రాసినవాళ్లను తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది కాబట్టి.

మేము కతోలికులం. పూజలో, ప్రభువే వచ్చి ఉంటాడని మేము నమ్మే అప్పాన్ని ఫాదర్ పైకెత్తినప్పుడు గంట మోగగానే, ఎవరికి వాళ్లు మనసులోనే "నా ప్రభువా, నా దేవా" అనుకోవాలని అమ్మ నేర్పింది. చనిపోయి లేచిన యేసు గాయాలు చూస్తే తప్ప నమ్మనన్న శిష్యుడు తోమాగారు, చూశాక అన్న మాటలట అవి. పైకి అనేవి కావు కాబట్టి తప్పు నేర్చుకున్నా దిద్దేవాళ్లుండరు. చిన్నప్పుడు అమ్మ నేర్పుతుంటే రాయప్ప వాటిని "నా ప్రభువా, నాతో రావా" అని విన్నాడు. పెద్దయ్యాక నాకొక్కదానికే చెప్పి నవ్వాడు.

"గదే అలవాటైందక్కా. ఇగ గట్లనే పిలుస్త" అన్నాడు. అమ్మకు కూడా తెలియదు.

తొంభైల మొదట్లో మేమిద్దరం ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో ఉండేవాళ్లం. వాడిది రసాయనాల ఫ్యాక్టరీలో పని. ఒక ఆదివారం పూజ మానేసి డ్యూటీకి వెళ్లాడని నాకు కోపం. ఒక్కదాన్నే చర్చికి వెళ్లాను. గంట మోగింది. నా చెవి పక్కనే, పైకే, వాడి గొంతు. "నా ప్రభువా, నాతో రావా."

డ్యూటీ ఎగ్గొట్టి వచ్చాడనుకుని తిట్టబోతూ తిరిగాను. పక్కన ఒక ముసలమ్మ మోకాళ్ల మీద ఉంది. ఆమెకేమీ వినిపించలేదట.

మధ్యాహ్నం కబురొచ్చింది. పొద్దున సరిగ్గా పూజ వేళకే ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైంది. రాయప్ప పోయాడు.

మూడో రోజు ఆఫీసుకు పిలిచారు. వాల్వు మూయకుండా రాయప్ప పారిపోయాడని మేనేజర్ కాగితం చదివి, సంతకం పెట్టమన్నాడు. వాడితో పనిచేసిన భానూర్ సాయిలును సాక్షిగా నిలబెట్టారు. సాయిలు మా మతం వాడు కాదు, చర్చి గడప తొక్కింది లేదు.

"పొగల కండ్లు కనవడలే" అన్నాడు సాయిలు. "ముంగట రాయన్న గొంతు ఇనవడ్డది. నాతో రావా, నాతో రావా అంటుండు. నన్నే పిలుస్తుండనుకున్న. గా గొంతెంబడే నడిసి బయటవడ్డ. సూస్తే అన్న లేడు."

"నీకంటే ముందు నడిచాడంటే పారిపోతున్నట్టే కదా" అన్నాడు మేనేజర్.

"మరి నా తమ్ముడు ఏడ దొరికిండు సార్?" అని అడిగాను.

మేనేజర్ కాగితాలు సర్దుకున్నాడు. సాయిలే చెప్పాడు.

"లోపట్నే అక్కా. వాల్వు మీదనే పడి ఉన్నడు. చేతులు మేమే ఇడిపించినం. వాల్వు గట్టిగ బంద్ జేసే ఉన్నది."

నేను సంతకం పెట్టలేదు. వాళ్లు ఆ కాగితం మార్చనూ లేదు.

వాల్వు దగ్గర పడి ఉన్నవాడు సాయిలు ముందు ఎలా నడిచాడో, చర్చిలో నా పక్కకు ఎలా వచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఫాదర్‌ను అడిగితే ప్రార్థన చేసుకోమన్నాడు. ఆయన మీదా కోపమొచ్చింది.

ఇప్పటికీ ఆదివారం గంట మోగగానే అందరూ మనసులో తోమాగారి మాటలు అనుకుంటారు. నేను మాత్రం అప్పం వైపు చూసి ఒక్కటే అడుగుతాను: వాడు పిలిచినప్పుడు వచ్చావా, లేదా?