మూడు వేళ్ళ ఎడం

గాబ్రియేలు పత్తికొండలో ఉపదేశి. చుట్టుపక్కల పందొమ్మిది ఊళ్ళు ఆయన వంతు. ఊరూరా తిరిగి వాక్యం చెప్పడం, పాటలు నేర్పడం ఆయన పని. వాహనం సైకిలు. వెనక క్యారియరు మీద భార్య సంతోషమ్మ, ముందు హ్యాండిలుకు బిగించిన ఇనుప తట్టలో హార్మోనియం. దాన్ని వాయించేది సంతోషమ్మే. గాబ్రియేలుకు శ్రుతి అంటే గౌరవమే గాని పరిచయం లేదు.

1954లో కర్నూలు రాజధానిగా ఉండేది. దేవనకొండ దారికి ఆ సంగతి తెలిసినట్టు లేదు. ఒకనాడు ఆ గుంతల్లో ఒంటరిగా వస్తూ, ప్రసంగం మనసులో సరిచూసుకుంటూ, గాబ్రియేలు ఆగి ఉన్న వేరుశనగ బండిని వెనకనుంచి గుద్దాడు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు వెనక్కి వంగిపోయింది.

కమ్మరి కంబన్న దాన్ని కొలిమిలో పెట్టి సాపు చేశాడు. సగం పని చేసే అలవాటు ఆయనకు లేదు. బండి తగిలి వచ్చిన వంకరతోపాటు, పుట్టుకతో ఉన్న ముందు వంపు కూడా తీసేశాడు. ఫోర్కు బెత్తంలా నిటారుగా నిలిచింది. ఇద్దరూ చూసి సంతోషించారు.

ఒంటరిగా దిగువకు వదిలితే సైకిలు గీత గీసినట్టు పోయేది. గాబ్రియేలు చేతులు వదిలేసి టవలు సర్దుకునేవాడు. హార్మోనియం, సంతోషమ్మ ఎక్కాకే చిక్కు వచ్చింది. ఊరు దగ్గరపడి నిదానించగానే హ్యాండిలు ఎవరో లాగినట్టు పక్కకు వాలేది. వరసగా నాలుగు ఊళ్ళలో పడ్డారు. అయిదో ఊళ్ళో జనం ముందే వచ్చి నిలబడ్డారు. దేవుని మాట మీద ఆసక్తి పెరిగిందని గాబ్రియేలు అనుకున్నాడు.

ఆ ఊళ్ళో సంతోషమ్మ మణికట్టు విరిగింది.

రెండు నెలలు ఆయన హార్మోనియం లేకుండానే పాడాడు. జనం ఓర్చుకున్నారు. ఇంట్లో మాత్రం ఆయనకు ముద్ద దిగేది కాదు. సంతోషమ్మ ఎడమచేత్తో అన్నం తింటుంటే తల తిప్పుకునేవాడు.

చివరికి ఆమే ఆయన్ను కంబన్న దగ్గరికి నడిపించింది.

"ఏమప్పా గాబ్రియేలు, మళ్ళీ గుద్దినావా?" అన్నాడు కంబన్న.

"లేదన్నా. అదే పడతాండాది."

"నిదానంగా పోయినప్పుడే పడతాండాది," అంది సంతోషమ్మ. "వడిగా పోతే ఒక్కసారీ పడలేదు. వెనకాల కూచున్నదాన్ని, నాకు తెలుసు."

కంబన్న ఈసారి కొలిమి దగ్గరికి పోలేదు. టపా మోసే పుల్లన్న సైకిలు తెప్పించి పక్కన నిలబెట్టాడు. హ్యాండిలు గొట్టం వాలు వెంబడి తాడు నేలదాకా లాగి, తాకిన చోట గీత గీశాడు. చక్రం నేలను తాకేచోట ఇంకో గీత. పుల్లన్న సైకిలుకు రెండు గీతల మధ్య ఎడం నాలుగు వేళ్ళు. గాబ్రియేలు సైకిలుకు ఎనిమిది.

"తప్పు నాదే," అన్నాడు కంబన్న. "ఉండాల్సిన వంపు కూడా తీసేస్తిని."

పశ్చాత్తాపం కొద్దీ ఈసారి వంపు ఎక్కువ పెట్టాడు. ఎడం ఒక్క వేలికి వచ్చింది. నిదానంలో సైకిలు చెప్పినట్టు విన్నది. దిగువలో మాత్రం హ్యాండిలు వణికిపోయింది. ఒంటరిగా పోయిన గాబ్రియేలు తుమ్మకంపలో తేలాడు.

"ఎడం ఎక్కువుంటే నిదానంలో బరువుకు తల వాలుస్తాది. తక్కువుంటే వడి మీద నిలకడ ఉండదు," అన్నాడు కంబన్న ముళ్ళు తీస్తూ. "నీ పెట్టెకు మూడు వేళ్ళు సరిపోతాది."

"నీళ్ళబిందె పెట్టి చూడండి. అది నిలిస్తే నేను ఎక్కుతా," అంది సంతోషమ్మ.

కంబన్న ఎడం మూడు వేళ్ళకు తెచ్చాక, హార్మోనియం తట్టలో బిందె పెట్టుకుని గాబ్రియేలు కళ్ళం చుట్టూ నడక వేగంతో మూడుసార్లు తిరిగాడు. చొక్కా తడిసింది గాని బిందె పడలేదు. ఆమె ఎక్కింది.

మణికట్టు అతికింది గాని కొంచెం వంకరగా అతికింది. చిటికెన వేలు ఒక మెట్టును అందుకోలేకపోయింది. ఆమె ఆ స్వరాన్ని వదిలేసి వాయించేది. పందొమ్మిది ఊళ్ళూ పాటలను అట్లాగే నేర్చుకున్నాయి. నాలుగేళ్ళ తర్వాత కర్నూలు నుంచి వచ్చిన ఫాదరీ సరిగ్గా పాడితే, పాపం ఆయనకు పాట రాదని జనం నొచ్చుకున్నారు.

ఆ ఫాదరీయే గాబ్రియేలుకు మిషను తరఫున కొత్త సైకిలు ఇచ్చాడు. గాబ్రియేలు మర్యాదగా పుచ్చుకుని, తాడు తెమ్మని కంబన్నకు కబురుపెట్టాడు.