ఎర్ర చుక్క

మా తోడికోడలు పాత కామిక్ పుస్తకాలకు విలువ కడుతుంది. ఎవరే పుస్తకం తెచ్చినా అట్ట కంటే ముందు నడిమి పిన్నులకు తుప్పు పట్టిందేమో చూస్తుంది కాబట్టి బజారంతా ఆమెను పిన్నులక్క అంటుంది. ఏ సంచిక, ఏ స్థితిలో, ఎప్పుడు, ఎంతకు అమ్ముడుపోయిందో ఇరవై రెండేళ్లుగా రిజిస్టరులో రాస్తోంది. నోటికొచ్చినట్టు అడిగిన ధరలు అందులో ఉండవు, నిజంగా చేతులు మారినవే ఉంటాయి.

ఆ రిజిస్టరు, ఆమె దుకాణంలో గల్లా చూసే మా ఆయన చేతిలో పడింది. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అక్క పంటి నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్లిన పూట, రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన దుకాణానికి వచ్చాడు. భార్యకు రెండు కళ్లకూ ఆపరేషన్ చేయించాలట. చిన్నప్పుడు కొన్న పుస్తకాలు ఇంట్లో పెట్టెడు ఉన్నాయని, రేటు తెలుసుకుందామని ఒకటి తెచ్చాడు. మా ఆయన రిజిస్టరు తిప్పి, ఆ సంచిక చివరి మూడు అమ్మకాలకూ సగటు కట్టి, రెండు వందల నలభై ఆయన చేతిలో పెట్టి పంపాడు. పెద్ద లెక్కల మాస్టారు మరి!

అక్క వచ్చి పుస్తకం వెనక్కి తిప్పింది.

"ఇందులో బహుమతి కూపన్ అలాగే ఉందయ్యా!"

"ఉంటే ఏమైంది వదినా?"

"ఆ మూడింటి పక్కన ఎర్ర చుక్కలు కనబడలేదా? అవి కూపన్ కత్తిరించినవి! అప్పట్లో పిల్లలంతా కత్తిరించి పోస్టులో పంపేశారు. కత్తిరించనిది పై పేజీలో ఉంది చూడు, తొమ్మిది వేలు!"

"చుక్కంటే డబ్బు ముట్టిందని గుర్తేమో అనుకున్నా."

ఇరవై రెండేళ్లు పక్కనే కూర్చుని, ఆ చుక్కేమిటని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు మహానుభావుడు. అక్క మీదా నాకు కోపమే. దాని అర్థం ఎక్కడా రాసిపెట్టకుండా అంతా తన కడుపులోనే దాచుకుంది.

రశీదులో రాసిన చిరునామా పట్టుకుని ముగ్గురం డ్రైవరు ఇంటికి పరుగెత్తాం. అక్క పుస్తకం చాపి, "తప్పు జరిగింది బాబాయ్. ఇది తొమ్మిది వేల పుస్తకం. మిగతావి తెండి, నేనే చూస్తాను" అంది.

ఆయన పుస్తకం అందుకోలేదు.

"మిగతావెక్కడమ్మా? అన్నిట్లోకీ మంచిది ఏరి మీకు తెచ్చాను. దానికే అంతే వస్తే వీటికేం వస్తుందని, ఇందాకే పాత కాగితాల బండికి తూకానికేశాను."

లోపలి గదిలోంచి, "ఎవరండీ వచ్చింది?" అని ఆవిడ గొంతు.

బండివాణ్ణి పట్టుకునేసరికి కాగితాలన్నీ మిల్లు లారీ ఎక్కి వెళ్లిపోయాయి. అక్క ఆ ఒక్క పుస్తకానికీ తొమ్మిది వేలు ఇచ్చింది. చుక్క అర్థం రిజిస్టరు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో నేనే రాశాను.

ఆవిడకు ఒక కంటికి ఆపరేషన్ అయింది. రెండోదానికి ఎప్పుడని అడిగే ముఖం నాకు లేదు. మా ఆయన తాను వెళ్లి అడిగొస్తానన్నాడు. నోరు మూసుకుని కూర్చోమన్నాను.