చెవి కోసిన పిల్లులు

అరకు సంత చుట్టుపక్కల రాజులమ్మ దగ్గర ఎండుచేప కొనని ఇల్లు లేదు. ఆమె పక్కన కూర్చోడానికి ఇష్టపడే మనిషీ లేడు. రెంటికీ కారణం వాసనే. ఆ సంగతి ఆమెకూ తెలుసు. "కంపని మూతి తిప్పుకుంటారు. ఇంట్లో కూర లేనప్పుడు మళ్లీ నా కాడికే వత్తారు" అంటుంది.

ఆమెది భీమిలి దగ్గర రేవు. పెళ్లయిన కొత్తలో అత్తతో కలిసి కిరండోల్ పాసింజరెక్కి, గంపలు సీట్ల కిందకి తోసి, శుక్రవారం సంతకి వచ్చేది. అత్త పోయాక, వారం వారం ఆ గంపలు ఒక్కతే మొయ్యలేక, సంత వెనక లైను గదుల్లో చివరిది అద్దెకు తీసుకుంది. పద్దెనిమిదేళ్లయింది. గది ముందు సగంలో నెత్తళ్లు, ఎండురొయ్యలు, సావిడాయి చేపల గోనెలు. వెనక సగంలో మంచం, పొయ్యి, ఆమె. గోనెల మీద పిల్లులు.

పిల్లుల్ని ఆమె పెంచలేదు. ఎలకల బాధకి ఒకదాన్ని రానిచ్చింది, అంతే. ఈ ఏడాది వానలు వెనకబట్టాక లెక్కపెడితే పదకొండు. అందులో బూడిద రంగుది పెద్దది. గుంపులో సగానికి తల్లి, మిగతా సగానికి అమ్మమ్మ. ఇంతవరకూ ఒక్క మనిషి చేతికీ దొరకలేదు.

గదుల యజమాని రవిబాబు. తండ్రి పార్వతీపురం నుంచి వచ్చిన వ్యాపారి, తల్లి ఇక్కడి కొండ మీది ఊరి మనిషి. గదులన్నీ తల్లి పేరు మీదే ఉన్నాయి. ఈమధ్య మేడ మీద రెండు గదులు వేసి టూరిస్టులకి ఇస్తున్నాడు. దసరాకి దిగినవాళ్లు ఒక్క రోజుకే సామాన్లు సర్దుకుపోయారు. పోతూ పోతూ ఫోన్లో ఒక్క చుక్క రేటింగు పెట్టారు. గదులు బాగున్నాయి, పిల్లుల ఏడుపు భరించలేం అని రాశారు. రవిబాబు ఆ ఫోను పట్టుకుని రాజులమ్మ గుమ్మంలోకి వచ్చాడు.

"చూడు, నీ పిల్లుల నిర్వాకం."

"నా పిల్లులేటి బాబూ? నానేటి కన్నానా?"

"కనలేదు, మేపావు. దీపావళి సెలవులకి గదులు బుక్కయిపోయాయి. అప్పటికి ఈ గోల ఉందంటే నీ గోనెలు నువ్వు సర్దుకో."

ఆయన అన్నాడంటే చేస్తాడు. రెండేళ్ల కిందట ఐదు పిల్లుల్ని గోనెసంచిలో కట్టించి ఘాట్ రోడ్డులో వదిలేయించాడు. నెల తిరక్కుండానే ఆ ఖాళీలోకి ఇంకో నాలుగు వచ్చాయి. పిల్లులకి ఖాళీ దొరికింది గానీ రాజులమ్మకి దొరకదు. ఎండుచేపల గోనెలతో వచ్చే మనిషికి గది ఎవరిస్తారు? ఈ గది దొరకడానికే అప్పట్లో నెల రోజులు తిరిగింది.

దారి చూపించింది పక్క గది యర్రమ్మ. ఆమె రోడ్డు మీద బొంగులో చికెన్ అమ్ముతుంది, ఊరి కబుర్లన్నీ ఆ పొగలోంచే వస్తాయి. "ఓలె రాజులూ, పశువుల ఆస్పత్రికి కొత్త డాక్టరమ్మ వచ్చినాది. పిల్లులకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ సేత్తాదంట. అదయితే అరుపులూ ఉండవంట" అంది.

డాక్టరమ్మ పేరు బిందుమాధవి. రెండు ఆదివారాలు ఇస్తానంది, ఒక ఇనపబోను కూడా ఇచ్చింది. "కొయ్యడం నా పని, పట్టడం మీ పని" అంది.

పట్టడానికి సోంబరున్నాడు. అరవై ఏళ్ల మనిషి. పై ఊరినుంచి గంపలు, చాటలు దించుకుని సంతలో రాజులమ్మ పక్కనే పరుస్తాడు. ఆ వాసనకి మొహం చిట్లించని ఒకే ఒక్కడు. వయసులో అడవికోళ్లకీ కుందేళ్లకీ బోన్లు అల్లిన చెయ్యి. రెండు రోజుల్లో రెండు వెదురుబోన్లు అల్లుకొచ్చాడు. పిల్లి లోపలికి పోయి ఎర లాగితే వెనక తలుపు జారి పడుతుంది.

ఎరగా రాజులమ్మ మంచి సావిడాయి ముక్కలు పెట్టింది. పిల్లులు వచ్చాయి, చూశాయి, పోయాయి. ఎండుచేపల మీదే పడుకుని ఎండుచేపల మీదే లేచే జీవాలకి ఎండుచేప వింతేముంది? పూటంతా పోయింది. చివరికి యర్రమ్మ అమ్ముడుపోని బొంగులో చికెన్ తెచ్చి పెడితే గంటలో మూడు పడ్డాయి.

"మన పిల్లులు కూడా టూరిస్టులయిపోనాయే" అని యర్రమ్మ పడీపడీ నవ్వింది.

తొలి ఆదివారం ఆరు పిల్లుల్ని ఆటోలో ఆస్పత్రికి చేర్చారు. ఆటో తోలేది మూడో గది ధర్మ. సోమవారం సాయంత్రం అతనే వెనక్కి తెచ్చాడు. సోంబరు అప్పటికే మిగతా ఐదింటికి బోన్లు సర్దుతున్నాడు. ఆటోలోంచి దిగిన మొదటి పిల్లిని చూసి అలాగే ఆగిపోయాడు. ఎడమ చెవి కొస కత్తెరతో కత్తిరించినట్టు బల్లపరుపుగా ఉంది. రెండోదీ అంతే. ఆరూ అంతే.

"సెవి కోసింది ఎవులు?"

"డాక్టరమ్మ" అన్నాడు ధర్మ.

"ఏ తల్లికి?"

ఎవరికీ అర్థం కాలేదు. సోంబరు ఊళ్లో అమ్మవారికి మొక్కిన మేకపిల్లకి చిన్నప్పుడే చెవి కోసి వదిలేస్తారు. అది ఎవరి చోడిచేలో పడి మేసినా కర్ర ఎత్తరు. పండగకి బలిచ్చే దాని రోజు వచ్చేదాకా కట్టకూడదు, మూయకూడదు. మూసినవాడి మెడకి ఆ మొక్కు చుట్టుకుంటుంది.

"ఆరింటిని మూసినాను. ఆరు మొక్కులు నాకు సుట్టినావు రాజులమ్మా. ముందరే సెప్పాల గదా."

ధర్మ డాక్టరమ్మకి ఫోను కలిపి సోంబరు చేతికిచ్చాడు. "అది గుర్తు మాత్రమే తాతా" అందామె. "ఆపరేషన్ అయిందని తెలియాలిగా. లేకపోతే మళ్లీ పట్టుకొచ్చి మళ్లీ కడుపు కోస్తాం."

"మేకకీ గుర్తే గదమ్మా" అన్నాడు సోంబరు. ఫోను ధర్మకి తిరిగిచ్చేశాడు. ఆయన వెదురుబోన్లు రెండూ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

మిగిలిన ఇనపబోనుతో వాళ్లే తిప్పలు పడ్డారు. యర్రమ్మ చెయ్యి గీరుకుపోయింది, ధర్మ చొక్కా చిరిగింది, వారానికి నాలుగు దొరికాయి. బూడిదది దొరకలేదు. బోను అంచుదాకా వచ్చి కూర్చుని, లోపల చికెన్నీ బయట మనుషుల్నీ చూసి పోయేది. అదొక్కటీ మిగిలితే ఈ శ్రమంతా దండగే, ఏడాది తిరిగేసరికి మళ్లీ ఇంత మంద.

ఆ శుక్రవారం సోంబరు సంతకే రాలేదు. రాజులమ్మ పక్కన చోటు ఖాళీగా ఉండిపోయింది. శనివారం పొద్దున్నే రాజులమ్మ ధర్మ ఆటోలో రోడ్డున్నంత దూరం పోయి, అక్కణ్నుంచి కాఫీ తోటల్లోంచి నడిచి ఆయన ఊరెక్కింది. రేపే ఆఖరి ఆదివారం.

సోంబరు వాకిట్లో వెదురు చీలుస్తున్నాడు. కూర్చోమని పీట తోశాడు గానీ తలెత్తలేదు.

"సోంబరన్నా, తెలిసి సెయ్యలేదు. మా రేవులో మేకలకి సెవులు కొయ్యరు. నాకేటి తెలుసు?"

"నీకు తెలీకపోతే మొక్కుకి తెలీదా?"

"సరే. కొయ్యమని తీసుకెల్లింది ఎవులు? నాను. మరి మొక్కు ఎవులిది?"

సోంబరు కత్తి ఆపాడు. "అది అమ్మ ముందర అంటావా?"

అంది. ఊరి చివర అమ్మవారి రాయి దగ్గరికి వెళ్లి, ఆయన వినేలా, గట్టిగానే అంది. "తల్లీ, ఈటి సెవులు నా మాట మీద కోసినారు. సోంబరన్న సేతిలో తప్పు లేదు. ఏటి సెయ్యమంటే అది సేత్తాను." తర్వాత ఆయన వైపు తిరిగింది. "ఏటి సెయ్యాల?"

సోంబరు వేళ్ల మీద పండగలు లెక్కపెట్టాడు. మేకకైతే పండగ ఉంది. పిల్లికి ఏ పండగ? ఏ తల్లీ పిల్లిని అడగలేదు. అడగలేదంటే దాని రోజు ఎప్పటికీ రాదు. రోజు వచ్చేదాకా మేపాలి.

"సచ్చేదాకా కూడెట్టాల" అన్నాడు.

"ఓరి బాబోయ్. ఇన్నాళ్లూ నాను సేత్తన్నది అదే గదా!"

సోంబరు నవ్వలేదు. లేచి బోను భుజానికెత్తుకున్నాడు.

గదికొచ్చాక ఆయన చికెన్ అడగలేదు. బూడిదది రోజూ ఎక్కడ పడుకుంటుందో అడిగాడు. కిటికీ కింద, రొయ్యల గోనె మీద. ఆ గోనె తీయించి, అదే చోట బోను పెట్టి, ఆ పాత గోనెపట్టానే లోపల పరిచాడు. తలుపు పైకెత్తి, తాడు గుమ్మందాకా లాగాడు. "ఎర పెడితే అనుమానపడతాది. దాని మంచం అక్కడే ఉంటే ఎందుకు అనుమానం?"

ఆ రాత్రంతా బూడిదది బోను చుట్టూ తిరిగింది. ఆదివారం పది గంటలకి కిటికీలోంచి ఎండ పడింది. నెమ్మదిగా లోపలికెళ్లి, రెండు చుట్లు తిరిగి, ముడుచుకుని పడుకుంది. సోంబరు తాడు వదిలాడు. అంతే.

బుధవారం బోను తీసుకుపోదామని సోంబరు దిగిన పూటే రవిబాబు వచ్చాడు. మర్నాడు టూరిస్టులు దిగుతారు. గోడ మీదా గోనెల మీదా చూసి ఆయనకి ఒళ్లు మండింది.

"పదకొండూ ఇక్కడే ఉన్నాయే! ఇన్నాళ్లూ ఏం చేశారు మీరు?"

"ఆపరేషన్ బాబూ. మరి పుట్టవు, అరవవు" అంది రాజులమ్మ.

"పోతాయనుకున్నాను నేను!" రవిబాబు తలుపు వెనక కర్ర తీశాడు. ఎదురుగా గోనె మీద బూడిదది. దాని మీదికి కర్ర ఎత్తి, ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. చెవి చూశాడు. పక్కదాని చెవి చూశాడు. సోంబరు వైపు చూశాడు.

"ఇవి..."

"రాజులమ్మ మొక్కు. అమ్మ ముందర అన్నాది. సచ్చేదాకా మేపుతాది."

"ఈమెని గది ఖాళీ చేయిస్తే?"

సోంబరుకి అందులో బెదిరింపేమీ లేదు, అడిగినదానికి చెప్పాడు. "మొక్కు ఎక్కడికి పోతాది బాబూ? సోటు ఎవులిదో ఆళ్లు మొయ్యాల. మీయమ్మని అడుగు, తెలుస్తాది."

రవిబాబు కర్ర తలుపు వెనకే పెట్టేశాడు. "ఈ సంగతి మా అమ్మదాకా పోనివ్వకండి" అన్నాడు. గుమ్మం దాటి మళ్లీ తిరిగాడు. "అరిచాయంటే మాత్రం ఊరుకోను."

అరవలేదు. టూరిస్టులు నాలుగు రోజులున్నారు. దీపావళి పోయింది, రవిబాబు గది మాట మళ్లీ ఎత్తలేదు.

సోంబరు మళ్లీ శుక్రవారాలు వచ్చి పక్కన చాటలు పరుస్తున్నాడు. రాజులమ్మ బేరాల మధ్యలో లేచి పిల్లులకి నెత్తళ్లు వేస్తుంది. బూడిదది మాత్రం వాటిని వాసన చూసి యర్రమ్మ పొయ్యి వైపు తిరిగి కూర్చుంటుంది.

"దానికి బొంగులో చికెనే కావాలంట" అంటుంది యర్రమ్మ. "మొక్కు నీది, చికెన్ నాదా?"

"ఏటి సేత్తాం మరి" అని రాజులమ్మ గిన్నె పట్టుకుని లేస్తుంది.