బేరంలో గెలిచిన మూత

నవంబరు ముసురులో నాయుడుపేట బస్టాండు ముందు నిలబడితే, తోపుడుబండి అడుగున నలిగిన నల్లద్రాక్షల పులుపువాసన తడిసిన గోనెల కంపును దాటుకుని వచ్చి తగులుతుంది. ఆ వాసనకు బేరం మధ్యలో నా నోరు పడిపోతుంది. అదెంత అరుదో ఇక్కడి అంగళ్లవాళ్లని అడిగితే చెబుతారు.

మాది చిల్లర సరుకుల అంగడి. బెల్లం జిగట, ఎండుమిరపకాయల ఘాటు, కిరసనాయిలు వాసన మధ్య, “మూత లేని సరుకు మనది కాదు, చీమలదీ గాలిదీ” అనే నాన్న మాట వింటూ పెరిగాను. మా చర్చి సంఘంలో క్రిస్మస్ ప్రభుబల్లకు, అందరూ గుక్కెడు పంచుకునే ద్రాక్షరసం ఏటా మా నాన్నమ్మే పులియబెట్టేది. ఆమెను అవ్వ అనేవాళ్లం. తుఫాను ముసుర్లు మొదలయ్యేసరికి మద్రాసు వైపు నుంచి వచ్చిన గుత్తులు కడిగి, పండు పండునూ పాత పంచెతో తుడిచి, నీడన ఆరబెట్టి, చేత్తో చిదిమి, చక్కెర, గుప్పెడు గోధుమలు, లవంగాలు, దాల్చినచెక్క వేసి జాడీకెత్తి, దాని మూతికి తన పాత తెల్లచీర ముక్క కట్టి, రోజూ పొద్దున్నే కొయ్యగరిటెతో కలుపుతూ కీర్తన పాడుకునేది. గరిటె నాకబోతే చేతి మీద ఒకటి పడేది. ఆ దెబ్బకు కూడా లవంగాల వాసన ఉండేది.

నా పదకొండో ఏట, దసరా సెలవులు అయిపోగానే, అవ్వకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ మాటా పోయాయి. ఆమెను ఆసుపత్రికి బండి ఎక్కించే హడావుడిలో ఎవరి కాలో తగిలి జాడీ కూడా పగిలింది. చూడవచ్చిన పాస్టరమ్మగారు “ఈ ఏటికి అంగట్లో ద్రాక్షరసం సీసా తెప్పిద్దాం లేండి” అన్నప్పుడు, అవ్వ ఎడమచేత్తో మంచంపట్టె పట్టుకుని తల అడ్డంగా ఊపింది. ఆవిడ వెళ్లిపోయాక కూడా ఊపుతూనే ఉంది. అమ్మకు రోగి సేవ, నాన్నకు అంగడి. రసం పెట్టడానికి మిగిలింది నేను, నా స్నేహితురాళ్లు సుగుణ, షమీం.

“పండ్లు తుడవండి, పుణ్యం. చుక్క నోట్లో ఏసుకున్నారో, చెబుతా మీ పని!” అని షమీంను వాళ్లమ్మ పంపించింది. వాళ్ల నాన్నది పింగాణీ అంగడి. జాడీ అడగబోయిన నా కన్ను పచ్చటి పెద్ద గాజుసీసా మీద పడింది. మూత వేరే సరుకు, దానికి వేరే డబ్బులన్నాడాయన.

“మూతలేని సీసా ఎవురు కొంటారు మామా? నీ దగ్గిరే ముసిల్దయిపోద్ది.”

“నీ నోటికి నా అంగడే రాసియ్యాల మే! తీసకపో.”

మర తిప్పి బిగించే మూత! ఊరికే! షమీం సిగ్గుతో తల వంచుకుంది. నేను ఊరేగింపుగా ఇంటికి వచ్చాను.

అవ్వ గుడ్డ ఎందుకు కట్టేదో మాకెవరికీ తెలియదు. మూత కొనడానికి పిసినారితనమనుకున్నాను. సీసాను గొంతుదాకా నింపి, మూత బిగించి, అంచు చుట్టూ కొవ్వొత్తి మైనం పోసి, అవ్వ కళ్లకు ఎదురుగా గూట్లో పెట్టాం.

“రోజూ కలపాల గదా?” అంది సుగుణ.

“తీస్తే గాలికి సరుకు తగ్గిపోద్ది మే. ఊపితే చాల్లే.”

మర్నాటి నుంచి అవ్వ ఆ సీసాను చూస్తూ ఎడమచేతి గుప్పిట తెరిచేది, మూసేది, మళ్లీ తెరిచేది. గొంతులోంచి ఏదో శబ్దం. నీళ్లిస్తే గ్లాసు తోసేసింది. దుప్పటి తీశాను, దిండు మార్చాను.

“మూతనే చూస్తా ఉండాది మే అవ్వ,” అంది షమీం.

“నచ్చింది గదా, అందుకే!”

అవ్వ కళ్లు మూసుకుంది. ఎదుటివాడి కనురెప్ప కదిలితే బేరం ఎంతకు తెగుతుందో పట్టేసేదాన్ని. ఆ గుప్పిట ఏమంటోందో పట్టలేకపోయాను.

ఐదో రోజు బడి నుంచి అన్నానికి వచ్చి చేతులు కడుక్కుంటుంటే ఢామ్మని సీసా పేలి గది అదిరింది. గోడ మీద, దూలం మీద, బైబిలు అట్ట మీద ఊదారంగు. దేవుని దయ, ఒక్క పెంకూ అవ్వకు తగల్లేదు. రసం నెమ్మదిగా జారి మంచం పక్కకు చేరింది. అవ్వ ఎడమచెయ్యి కిందికి వేలాడేసి, వేలు తడుపుకుని, నాలుక మీద పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంచుకుంది. లవంగం ఎక్కువైందో, తీపి సరిపోయిందో చెప్పడానికి ఆమెకు మాట లేదు. అడగడానికి నాకు మొహం లేదు. పులిసే రసం గాలి వదులుతుందని, దానికి ఊపిరి ఆడాలని, గుడ్డ అందుకేనని తర్వాత పాస్టరమ్మగారు చెప్పారు. ఐదు రోజులూ అవ్వ చెప్పింది అదే.

క్రిస్మస్‌కు అంగడి సీసానే వచ్చింది. చర్చి నుంచి ఇంటికి తెచ్చిచ్చిన గిన్నెలోంచి అవ్వ ఒక గుక్క మింగి, గోడ మీది మరక వైపు చూసింది. మరుసటి ఏడు ద్రాక్షలు వచ్చేసరికి ఆమె లేదు.

ఆ గోడ ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల అంగడి. పింగాణీ అంగట్లో ప్లాస్టిక్ డబ్బాలు. ఈసారి ఎందుకో రెండు కిలోల ద్రాక్ష కొని, వెతికి వెతికి ఒక సీసా పట్టాను.

“మూత ఊరికే ఇస్తానక్కా,” అన్నాడు అంగడి పిల్లగాడు, నేను అడగకముందే.

“వద్దులే నాయనా.”

జన్మలో మొదటిసారి ఊరికే వచ్చేదాన్ని వదిలేసి ఇంటికొచ్చాను. పండ్లు తుడిచి, చిదిమి, సీసాకెత్తి, మూతికి కట్టడానికి ఇల్లంతా వెతికాను. బీరువా నిండా చీరలే. మెత్తబడిన తెల్లటి నూలుచీర మాత్రం ఒక్కటీ లేదు.