మాటు వేసిన పాలక్యాను

మా సూక్ష్మజీవశాస్త్రం మేష్టారు పోయారని ఆదివారం పొద్దున చింతామణి బస్సులో ఉండగా తెలిసింది. కళాశాల సంతాపసభలో ఒక వక్త ఆయనను శాంతమూర్తి అన్నారు. నేను లేచి ఖండించాను. శాంతమూర్తి కనుబొమ్మ మీద రాతిదెబ్బ మచ్చ ఎందుకుంటుంది? ఆ రాయి విసిరిన చెయ్యి ఎవరిదో నాకు తెలియదు. విసిరించిన గొంతు మాత్రం నాది.

మండికల్ జాతరలో మా విద్యార్థి సంఘం మజ్జిగ పంచింది. మర్నాటికి ఇంటింటా వాంతులు, విరేచనాలు. ఒక పసిబిడ్డ ఆసుపత్రిలో స్పృహ తప్పింది. మజ్జిగకు పెరుగిచ్చింది ఆ ఊళ్ళో పాలు పోసే పాలక్క. ఆమె క్యానులోనూ రోగుల్లోనూ సాల్మొనెల్లా అనే క్రిమి ఉందని మామూలు పరీక్ష చెప్పింది. నాకు అంతకుమించిన సాక్ష్యం అక్కరలేకపోయింది. పాలకేంద్రం మెట్లెక్కి, "ఆమె పోస్తున్నది పాలు కాదు, విషం!" అని గర్జించాను.

జనం ఆమె ఇంటి మీద పడ్డారు. క్యాన్లను గునపాలతో పొడిచారు. ఆమెను జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చారు. ఒలికిన పాలలో నెత్తురు కలిసింది.

"బిడ్డల్ని సంపుతాండావా? ఊరిడిచి పో!"

నమూనాల కోసం వచ్చిన మేష్టారు ఆమెకు అడ్డంగా నిలబడ్డారు. "నన్ను కొట్టండప్పా. పరీక్ష ఇంకా ముగియలేదు." అప్పుడే రాయి తగిలింది. నెత్తురైనా తుడుచుకోకుండా నా వైపు తిరిగారు. "మజ్జిగ కలిపిన డ్రమ్ము యాడుండాదమ్మా?"

ఆ నీలిరంగు డ్రమ్మును కోళ్ళఫారంలో అడిగి తెచ్చింది నేనే. సబ్బుతో రెండుసార్లు తోమింది కూడా నేనే. "రెండు చోట్లా క్రిమి ఒకటే కదా సార్!" అని ఎదురు తిరిగాను.

"దొంగ ఈ ఊరోడే అని తెలిస్తే ఊరందర్నీ జైల్లో పెడతావా? మామూలు పరీక్ష ఊరిపేరే చెప్తాది. జన్యుక్రమమంతా అక్షరం అక్షరం చదివితే ఇల్లు తెలుస్తాది."

బెంగళూరు ప్రయోగశాల చదివింది. రోగుల్లోని క్రిమి, డ్రమ్ము మూత గాడిలో దాగినది, కోళ్ళఫారంలో దొరికినది దాదాపు అక్షరం పొల్లుపోకుండా ఒక్కటే. పాలక్క క్యానులోది వేరు. అయినా మేష్టారు ఆమెను పొగడలేదు. "నీ క్యానూ శుభ్రం కాదమ్మా. పాలు కాచకుండా ఎవరికీ పోయొద్దు. కానీ వీళ్ళను పడేసింది నువ్వు కాదు."

నన్ను మళ్ళీ ఆ మెట్లే ఎక్కించారు. "నివేదిక నువ్వే చదువు. ఆ పొద్దు ఉండిన గొంతు ఈ పొద్దు యాడికి పోతాది?"

చదివాను. డ్రమ్ము మాట వచ్చేసరికి ఒకడు నా జుట్టు పట్టి కిందికి లాగాడు. నా మోకాలు రాతిమెట్టు మీద పగిలింది. నుదుటి కట్టుతోనే మేష్టారు వచ్చి వాడి పిడికిలి ఒక్కొక్క వేలుగా విప్పారు. "మొన్న ఆమె, ఈ పొద్దు ఈ పిల్ల. కొట్టేదానికి మీకు ఎవురో ఒకరు కావాల, అంతేనా అప్పా?"

ఆ తర్వాత పాలక్కను ఊరు విడవమని మళ్ళీ ఎవరూ అనలేదు.

తరగతిలో నేను ఎంత వాదించినా మేష్టారు చివరిదాకా విని, కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఒక్క మాటే అడిగేవారు: "నమూనా ఏదమ్మా?" ఆ మాటంటే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఏ వేదిక ఎక్కినా ముందు అదే నా చెవిలో పడుతుంది.

మేష్టారు పోయిన మూడో రోజు, సోమేనహళ్ళిలో వాళ్ళ పొలంలో ఆయన సమాధి మీద పాలు పోశారు. గునపం దిగిన చోట మాటు వేయించుకున్న క్యానుతో పాలక్క వచ్చింది. బంధువు ఒకాయన క్యాను తాకి చూశాడు.

"కాలతాండాది! పచ్చిపాలు కదమ్మా పోయాల్సింది?"

"ఈ సార్‌కు పచ్చిపాలు పోస్తే లేచొచ్చి తిడతాడప్పా."

ఆమె క్యాను వంచింది. కాచిన పాలు ఎర్రమట్టిలోకి ఇంకిపోయాయి. చాలాసేపు ఆ మట్టి మీద సన్నగా ఆవిరి లేస్తూనే ఉంది.