పడవ ఇంట్లో వేడినీళ్ళు

జెర్సీ సిటీలో మేము నాలుగేళ్ళకు పైగా పడవలో కాపురం చేశాం. సరదాకి కాదు, అదే మా ఇల్లు. ఒకప్పుడు బొగ్గు పడవలు నడిచిన కాలువ అక్కడ హడ్సన్ నదిలో కలిసేదట. కాలువను పూడ్చేయగా చివర్న ఒక నీటి మడుగు మిగిలింది. అందులో ముప్పై దాకా పడవలు కట్టేసి ఉండేవి. చాలామంది యజమానులు వేసవిలో శని, ఆదివారాలు వచ్చి పోయేవాళ్ళు. ఏడాది పొడుగునా నీళ్ళ మీదే ఉన్నవాళ్ళం నలుగురైదుగురం.

నా భర్తది విశాఖపట్నం. చిన్నప్పట్నుంచీ హార్బరు పక్కన పెరిగి, ఓడల ఇంజన్లు బాగుచేసే పని నేర్చుకున్న మనిషి. నాది బాపట్ల దగ్గర. నర్సు ఉద్యోగం మీద డెబ్భై తొమ్మిదిలో ఈ దేశం వచ్చాను. ఆయన నా వెనక వచ్చి, ఆ మడుగు పక్కనే పడవలు రిపేరు చేసే షెడ్డులో పనికి కుదిరారు. ఎవరో వదిలేసి వెళ్ళిన చెక్క పడవ ఒకటి ఆ షెడ్డు వెనక కుళ్ళుతూ ఉండేది. యజమాని దాన్ని ఆయనకి ఇచ్చేశాడు. ఏడాదిపాటు సాయంత్రాలన్నీ దాని మీదే గడిపి నీళ్ళలోకి దించారు. ఆదివారం ప్రార్థనకి వచ్చే తెలుగువాళ్ళ ముందు ఆ పడవ గురించి చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి. ఒక ఆంటీ మాత్రం నన్ను పక్కకి పిలిచి, "బోట్లో కాపురం ఏంటమ్మా? పిల్లా పాపా పుడితే ఎట్లా?" అంది. నాకు నవ్వొచ్చింది. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు.

పడవలో అన్నీ ఉండేవి: పడక, వంటకి చిన్న అరుగు, మనిషి నిలబడితే మోచేతులు తగిలే స్నానాల గది. లేనిది వేడినీళ్ళు. తలకు పోసుకోకపోతే నాకు ఒళ్ళు ఒళ్ళులా ఉండదు. ఆస్పత్రిలో పన్నెండు గంటలు పనిచేసి వచ్చాక అయితే మరీను. మొదటి చలికాలం స్పిరిట్ స్టవ్వు మీద గిన్నెతో కాచుకున్నాం. సగం బక్కెట్ కాగేసరికి ముప్పావుగంట పట్టేది, పడవంతా ఇంజక్షన్ గది వాసన వేసేది. 

"నా ఇంజనుంది కదే, దాని వేడి ఊరికే పోతోంది" అని ఆయన ఒక ట్యాంకు తెచ్చి, లోపల రాగి గొట్టం చుట్టలు చుట్టి ఇంజనుకు కలిపారు. ఇంజను అరగంట తిరిగితే ట్యాంకు నిండా పొగలు కక్కే నీళ్ళు. వేసవిలో నది మీద ఒక చుట్టు చుట్టి వచ్చామంటే ఇద్దరికీ సరిపోయేవి. చలికాలం పడవ కదలదు. కట్టేసిన పడవలో ఇంజను వేస్తే ఆ మోతకి, పొగకి పక్కవాళ్ళు తిట్టుకునేవాళ్ళు. గట్టు మీది నుంచి వచ్చే కరెంటుతో పనిచేసే హీటరు కూడా పెట్టి చూశారు. గది వెచ్చబెట్టే హీటరూ అదీ ఒకేసారి వేస్తే చాలు, కరెంటు పోయేది. స్నానం కావాలా, వెచ్చదనం కావాలా తేల్చుకోవాలి.

మా పక్క పడవలో ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. భర్త పోయాక ఇల్లు అమ్మేసి, అతని పడవలోకి మారిందట. ఆమెకి చిన్న బొగ్గుల పొయ్యి ఉండేది. దాని మీద ఎప్పుడూ ఒక పెద్ద గిన్నె కాగుతూ ఉండేది. "హనీ, నీళ్ళు కావాలంటే వచ్చి తీసుకెళ్ళు" అనేది. ఒకటి రెండుసార్లు తెచ్చుకున్నాను గానీ, రోజూ అడగాలంటే మొహమాటం.

ఇక మిగిలింది గ్యాసు హీటరు. గోడకి బిగిస్తారు. కుళాయి తిప్పగానే మంట భగ్గున అంటుకుని, ఆ క్షణాన్నే నీళ్ళు వేడెక్కుతాయి. ఆయనకి అది ఇష్టం లేదు. 

"మూసిన గదిలో మంట గాలిని తినేస్తాదే. ఓడల్లో చూశాను నేను" అన్నారు.

"పొగగొట్టం పెడతారు కదండీ. అందరూ వాడట్లేదా?" అన్నాను.

రెండేళ్ళు ఆయన ఒప్పుకోలేదు. నాకు మూడో నెల అని తెలిశాక నేను పట్టుబట్టాను. ఈ కడుపుతో బక్కెట్లు మొయ్యమంటారా అన్నాను. అలిగి ఒక పూట మాట్లాడలేదు కూడా. మర్నాడు హీటరు తెచ్చారు. పై కప్పుకి రంధ్రం చేసి, పొగగొట్టం బయటికి పెట్టి, చుట్టూ చెయ్యి పెట్టి చూసి, అగ్గిపుల్ల వెలిగించి పొగ పైకి పోతోందో లేదో చూసి, అప్పుడు నన్ను పిలిచారు. ఆ మొదటి రోజు కుళాయి కింద ఎంతసేపు నిలబడ్డానో! తలుపవతల ఆయన, "ఇంకా చాలదేటి?" అని నవ్వుతున్నారు.

డిసెంబరులో మంచు మొదలైంది. చలికి అందరూ చేసినట్టే ఆయనా, ముసలావిడా కలిసి మా పడవ మీద టార్పాలిన్ కప్పి తాళ్ళతో బిగించారు. పొగగొట్టం దగ్గర పట్టా కోసి దారి వదిలారు. లోపల హాయిగా ఉండేది. నాకు ఆరో నెల దాటింది. పొద్దున్నే తలనొప్పి, కడుపులో తిప్పడం ఉండేవి. ఆస్పత్రికి వెళ్ళాక మధ్యాహ్నానికి తగ్గిపోయేవి. ఇంటికొచ్చి స్నానం చేసి, అంట్లు తోముకున్నాక మళ్ళీ మొదలు. నీరసం అనుకున్నాను. సెలవు రోజుల్లో ఇంకా ఎక్కువగా ఉంటే, పడుకునే ఉండటం వల్ల అనుకున్నాను. 

జనవరిలో ఒక రోజు డ్యూటీలో ఉండగా, పొద్దుటి నుంచీ బిడ్డ కదలలేదని గుర్తొచ్చింది. నాతో పనిచేసే నర్సే బిడ్డ గుండె చప్పుడు కోసం వెతికింది. మొదట ఎడం పక్క, తర్వాత కుడి పక్క, మళ్ళీ ఎడం పక్క. ఆమె నా మొహంలోకి చూడకుండా డాక్టరుని పిలవడానికి వెళ్ళింది. నాకు అప్పుడే అర్థమైపోయింది.

రెండు రోజులకి కాన్పు చేశారు. మగబిడ్డ. నాకు చూపిస్తామన్నారు. వద్దన్నాను. ఎందుకు జరిగిందని నా భర్త అడిగితే, "ఒక్కోసారి కారణం తెలియదు. మీ తప్పేమీ లేదు" అన్నాడు డాక్టరు. 

ఇంటికి వచ్చిన రోజు పడవ మీద టార్పాలిన్ లేదు. లోపల గోడ మీద హీటరు ఉండాల్సిన చోట నాలుగు మేకు రంధ్రాలు, వాటి మధ్య చుట్టూ ఉన్న చెక్క కంటే తెల్లగా ఒక చదరం ఉన్నాయి. 

"హీటరేదండీ?"

"పాడైంది. తీసి పారేశాను" అన్నారు. నా వైపు తిరగలేదు.

హీటరు పాడైతే టార్పాలిన్ ఎందుకు తీసినట్టు? నేను నర్సుని. ఆ తలనొప్పి ఎక్కడ వచ్చేదో, ఎక్కడ తగ్గేదో అంతా ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చింది. హీటరు పొగ బయటికి పోక లోపలే నిండితే అలాగే ఉంటుంది. ఆ హీటరు కోసం పట్టుబట్టింది నేను. అలిగింది నేను. గర్భిణీలకి రోజూ జాగ్రత్తలు చెప్పే నేనే నా ఒంట్లోది కనిపెట్టలేకపోయాను. నోరు తెరిచి ఒక్క మాట అడగలేదు. ఆయనా చెప్పలేదు.

మూడో రోజు నాకు పాలు పడ్డాయి. బిడ్డ లేడని ఒంటికి తెలియదు కదా. పాత చీర చింపి గుండెలకి గట్టిగా కట్టుకున్నాను. ఆ సాయంత్రం ఆయన నా పక్కన కూర్చుని, "మీ అమ్మగారు ఉంటే బాలింతకి ఎలా పోసేవారే?" అని అడిగారు. 

"వద్దులెండి. బిడ్డ లేని బాలింతకి నీళ్ళేంటి?"

"అదంతా నాకు తెలీదు. ఎలా పోస్తారో చెప్పు."

చెప్పాను. ఒళ్ళు కాలేంత వేడి ఉండాలి. నడుం మీద ధారగా పొయ్యాలి. మధ్యలో ఆపకూడదు. 

మర్నాటి నుంచి ఆయన షెడ్డుకి వెళ్ళే ముందు ముసలావిడ పొయ్యి మీద నీళ్ళు కాచేవారు. పీతలు ఉడకబెట్టే లోతు గిన్నె ఆమెది. అది నిండా మోసుకుంటూ, పడవల మధ్య వేసిన, మంచు గడ్డకట్టిన చెక్క వంతెన మీద అడుగులో అడుగేసుకుంటూ వచ్చేవారు. నాలుగు విడతలు తిరిగేవారు. ఆ ఇరుకు గదిలో నేను పీట మీద ముడుచుకుని కూర్చుంటే, తలుపు దగ్గర మోకాళ్ళ మీద నిలబడి, చెంబుతో నా నడుం మీద ధారగా పోసేవారు. వేడి తగలగానే పాలు వాటంతటవే కారి నీళ్ళలో కలిసిపోయేవి. నేను ఏడుస్తున్నానని ఆయనకి తెలుసు. చెంబు ఆపేవారు కాదు. నలభై రోజులు అలా పోశారు. ఒక రోజు వంతెన మీద జారి కాలు కాల్చుకుని కూడా మళ్ళీ వెళ్ళి గిన్నె నింపుకొచ్చారు.

బయటివాళ్ళు చూస్తే, ఎంత ప్రేమో అనుకునేవారు. ప్రేమే. కానీ ఆయన చెయ్యి నా ఒంటి మీద పడినప్పుడల్లా మా ఇద్దరి మధ్య ఆ తెల్ల చదరం ఉండేది. ఆయన నన్ను తప్పుపడుతున్నారని నేను అనుకునేదాన్ని. మెల్లగా మాటలు తగ్గాయి. కూర ఉప్పెక్కువైందనీ, రేపు వాన పడుతుందనీ చెప్పుకునేవాళ్ళం, అంతే.

ఏడాదిన్నర తర్వాత ఆయనే ఒక రోజు పడవ అమ్మేశానన్నారు. నన్ను అడగలేదు. నేనూ ఎందుకని అడగలేదు. నాకు పిస్కాటవే అనే ఊరి దగ్గర ఒక ఆస్పత్రిలో ఉద్యోగం దొరికింది. అక్కడ అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. వెళ్ళిపోయే రోజు ముసలావిడ నన్ను కావిలించుకుని, "నీ భర్తని ఒక మాట అడుగు. అతను నాతో అంటూనే ఉంటాడు, టార్పాలిన్ కట్టింది తనేనని. నేనూ కట్టాను కదా అంటే వినడు" అంది. 

అడగడానికి మరో వారం పట్టింది.

కొత్త ఇంట్లో వంటగది పక్కన అల్మరాలాంటి గదిలో పెద్ద గ్యాసు హీటరు ఉండేది. ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాం. ఆయన కోటు కూడా విప్పకుండా ఆ తలుపు తీసి, నేల మీద కూర్చుని, అగ్గిపుల్ల వెలిగించి పొగ ఎటు పోతోందో చూస్తున్నారు. రోజూ చేసే పనే. నేను పక్కన కూర్చున్నాను.

"ఏవండీ, నాకు తలనొప్పి డ్యూటీలో తగ్గిపోయేది. ఇంటికొస్తే వచ్చేది. నర్సుని. నాకు తెలియాలి కదా. హీటరు కావాలని అలిగింది కూడా నేనే" అన్నాను.

ఆయన చేతిలో పుల్ల ఆరిపోయింది. 

"నువ్వేటి చేశావే? నువ్వు ఆస్పత్రిలో ఉండగా నేను స్నానం చేశాను. తల పగిలిపోయింది. పైకెక్కి చూస్తే, మంచు బరువుకి టార్పాలిన్ కుంగిపోయి గొట్టం మూతి మీద పడుంది. దాని కింద అంతా మసి. కట్టింది నేను. రోజూ పైకెక్కి చూడాల్సింది కూడా నేనే" అన్నారు. 

"అది కాకపోవచ్చు కూడా. డాక్టరు..."

"తెలీదు. ఎప్పటికీ తెలీదు మనకి."

పెళ్ళయ్యాక ఆయన ఏడవడం చూసింది అప్పుడే. నా ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చారు. తప్పు నాదంటే నాదని ఇద్దరం వాదించుకున్నాం. ఏ ఒక్కరూ గెలవలేదు. చివరికి ఆయన లేచి మొహం కడుక్కొచ్చి, "బాబుని చూడ్డానికొస్తావా?" అన్నారు. 

నేను ఆస్పత్రిలో ఉండగానే ఆయన ఒక్కరే వెళ్ళి పాతిపెట్టారని అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ నెలకోసారి షెడ్డు పని అని చెప్పి వెళ్ళొచ్చేది అక్కడికేనట.

తర్వాతి శనివారం వెళ్ళాం. జెర్సీ సిటీలోనే, స్మశానంలో చిన్నపిల్లలకని విడిగా ఉన్న వరస. రాయి లేదు, నంబరు వేసిన సిమెంటు బిళ్ళ మాత్రం గడ్డిలోకి దిగి ఉంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని చుట్టూ పెరిగిన గడ్డి పీకారు. నేను బిడ్డ ఎలా ఉన్నాడని అడిగాను.

"జుట్టు చాలా ఉందే. నీకులాగే ఉంగరాలు" అన్నారు.

వేళ్ళెలా ఉన్నాయి, రంగెవరిది అని ఇంకా అడిగాను. ఆయన ఒక్కొక్కటే చెప్పారు. ఆ బిళ్ళ పక్కన చాలాసేపు కూర్చుని, బస్సు వేళకి లేచాం.