మామయ్య చందానగర్ వెళ్లే రోజులు

పోయిన నెల ఒక మంగళవారం మధ్యాహ్నం మా మామయ్య పోయారు. నేను ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఉండగా మావారు ఫోన్ చేసి, "నాయిన ఇగ లేడు" అన్నారు. అన్నం తిని, చేయి కడుక్కుని కుర్చీలో కూర్చున్న మనిషి, అలాగే వెళ్లిపోయారట.

ఆయన కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. మూడేళ్ల క్రితం అత్తయ్య పోయాక కోకాపేటలో మా ఫ్లాట్‌కు వచ్చారు. పద్దెనిమిదో అంతస్తు ఆయనకు నచ్చలేదు గానీ ఎప్పుడూ ఆ మాట అనలేదు. బట్టలు తనే ఉతుక్కునేవారు. అత్తయ్య చూసే సీరియల్ మాత్రం ఒక్కరోజూ వదల్లేదు. అందులో ఎవరికి ఎవరేమవుతారో ఆయనకు తెలియదు.

"నచ్చిందా మామయ్య గారూ?" అని ఒకసారి అడిగాను.

"నచ్చుడేంది బిడ్డా, ఆమె నడిమిట్ల ఇడిసిపెట్టి పోయింది. ఎట్లయితదో చూడాలె గదా" అన్నారు.

ఆయనకు మిగిలిన స్నేహితులు ఇద్దరు. ఇద్దరికీ మతిమరుపు జబ్బే. శేరిలింగంపల్లిలో ఉండే ఒకాయన రోజుకు పదిసార్లు ఫోన్ చేసి ఇవాళ ఏం వారమని అడిగేవారు. పదోసారి కూడా మామయ్య విసుక్కోకుండా చెప్పేవారు. నేను నవ్వితే, "వానికి ఇదే మొదటిసారి గదా" అనేవారు. పిల్లల మీద విసుగొచ్చినప్పుడు నాకు ఇప్పటికీ ఆ మాటే గుర్తొస్తుంది.

రెండో ఆయన చందానగర్‌లో కూతురి దగ్గర ఉంటారు. ముప్పై ఏళ్లపాటు మామయ్య స్తంభం ఎక్కితే కింద నిలబడి కాచుకున్నది ఆయనే. మామయ్య రోజు విడిచి రోజు బస్సెక్కి వెళ్లి ఆయనకు గడ్డం గీసి, అన్నం తినిపించి వచ్చేవారు. వేరే ఎవరు బ్లేడు పట్టుకున్నా ఆయన భయపడి అరిచేవారట.

ఒకరోజు నేనే కారులో తీసుకెళ్లాను. గడ్డానికి సబ్బు రాస్తుండగా ఆ పెద్దాయన, "చెల్లె ఎట్లున్నదిరా?" అన్నారు. అత్తయ్యను ఆయన చెల్లె అనేవారు.

మామయ్య చేయి ఆపి, "పోయిందిరా" అన్నారు.

పెద్దాయనకు అది అప్పుడే విన్న వార్త. "ఎప్పుడు? నాకు జెప్పలేదేందిరా?" అంటూ మామయ్య చొక్కా పట్టుకుని భోరున ఏడ్చారు. మామయ్య ఆయన తల నిమురుతూ ఉండిపోయారు. గుమ్మంలో ఉన్న కూతురు మెల్లగా నాతో, "వచ్చినప్పుడల్లా గిదే అక్కా. బాగనే ఉన్నదంటే అయిపాయె గదా" అంది.

తిరిగి వస్తూ కారులో మామయ్యను ఆ సంగతే అడిగాను.

"మీరందరు ఏడ్సుడు బంద్ జేసిన్రు బిడ్డా. తప్పు గాదు, బతకాలె గదా. ఆమె కోసం ఏడ్సేటోడు వాడొక్కడే మిగిలిండు" అన్నారు. కొంత దూరం పోయాక, "నా దుఃఖానికి తోడు కావాలని వాన్ని ఏడిపిస్తున్న. పాపం జేస్తున్న" అన్నారు.

మా ఇంట్లో అత్తయ్య మాట ఎత్తి ఎన్నాళ్లయిందో నాకు గుర్తు రాలేదు.

ఆ తర్వాత ఆయన నిజం చెప్పడం మానేశారు. "మంచిగున్నది, నిన్ను అడిగింది" అనేవారట. పెద్దాయన సంతోషపడేవారట. చందానగర్ వెళ్లొచ్చిన రోజు మామయ్య అన్నం సగంలో వదిలేసేవారు. ఒక ఆదివారం పక్కన కూర్చుని, "అత్తయ్య గారు పచ్చిపులుసు ఎలా చేసేవారండీ?" అని అడిగాను. మొదలుపెట్టి గంటసేపు ఆపలేదు. అలా ఇంకొన్ని ఆదివారాలు అడగాల్సింది. పనుల్లో పడిపోయాను.

దినాలయ్యాక చందానగర్ వెళ్లాను. కూతురు గుమ్మంలోనే నా చేయి పట్టుకుని, "బాపుకు చెప్పకు అక్కా" అంది.

పెద్దాయన మంచం మీద ఉన్నారు. "వాడు రాలేదా?" అన్నారు.

చెప్పేద్దామనిపించింది. నిజంగానే అనిపించింది. మామయ్య కోసం గుండెలు పగిలేలా ఏడ్చే మనిషి ఒకరు కావాలనిపించింది. కారులో ఆయన అన్న మాట నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది.

"పనుందండి, రాలేదు" అన్నాను.

ఆయన తలూపి, మంచం మీద ఒక చివరికి జరిగారు. దుప్పటి సర్ది, ఒక మనిషి కూర్చునేంత చోటు చేసి, దాని మీద చేయి ఆనించి తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు.